మర చెడిన బెజ్జం

చెక్కలో దిగిన స్క్రూ ఎంత తిప్పినా బిగియకుండా ఊరికే తిరుగుతూ ఉంటే, చెడింది చాలాసార్లు స్క్రూ కాదు, దాని చుట్టూ ఉన్న చెక్క. ఇనుప బోల్టుకు నట్టు ఉంటుంది. చెక్క స్క్రూకు అలాంటిదేమీ ఉండదు. లోపలికి దిగుతున్నప్పుడు దాని మర అంచు చెక్క పీచును కొంత కోసి, కొంత పక్కకు నొక్కి, తనకు సరిపోయే గాడిని తానే చేసుకుంటుంది. గాడికీ గాడికీ మధ్య మిగిలిన సన్నటి చెక్క గట్లే స్క్రూను పట్టి ఉంచుతాయి. ఇళ్ళలో వాడే స్క్రూల విషయంలో ఒక్కో గట్టు మందం ఒకటి రెండు మిల్లీమీటర్లే. ఆ గట్లు తెగి పొడి అయితే బెజ్జం గోడలు నున్నబడతాయి, మరకు ఆనడానికి ఏమీ మిగలదు. బెజ్జం చుట్టూ ఉన్న తక్కిన చెక్క మాత్రం సాధారణంగా చెక్కుచెదరకుండానే ఉంటుంది. తలుపు మార్చాలనో, వాయిద్యం పనికిరాకుండా పోయిందనో అనుకోవలసిన అవసరం లేదు. పోయిన ఆ పిసరంత చెక్కను తిరిగి సరైన వాటంలో పెట్టగలిగితే చాలు.

స్క్రూ పట్టు ఎంత ఉంటుందన్నది ముఖ్యంగా దాని లావు, చెక్కలోకి దిగిన మర పొడవు, చెక్క సాంద్రతల మీద ఆధారపడుతుంది. లావు రెట్టింపైతే పట్టు రెట్టింపు, పొడవు రెట్టింపైనా అంతే. సాంద్రత దగ్గర లెక్క మారుతుంది. రెట్టింపు సాంద్రత ఉన్న చెక్కలో పట్టు సుమారు నాలుగు రెట్లు ఉంటుంది. టేకు, నల్లమద్ది తలుపుల్లో తరం గడిచినా కదలని స్క్రూలు, ప్యాకింగు పెట్టెల మెత్తటి చెక్కతో చేసిన అరల్లో ఏడాదికే వదులవడానికి కారణం ఇదే.

పీచు వాటం కూడా లెక్కలోకి వస్తుంది. పలక వెడల్పు ముఖం మీద, పీచుకు అడ్డంగా దిగిన స్క్రూ ప్రతి చుట్టులోనూ పొడవాటి పీచు కట్టను పట్టుకుంటుంది. పలక కొసన, పీచు వెంటే దిగిన స్క్రూ అదే పీచును పొట్టి ముక్కలుగా నరుకుతుంది. అక్కడి పట్టు, అడ్డంగా దిగినప్పుడు ఉండే పట్టులో నాలుగింట మూడొంతులు ఉంటే గొప్ప. కొస చీలితే అదీ ఉండదు. కుర్చీ చేతులు, స్టూలు కాళ్ళు, బల్ల సొరుగుల ముందు పలకలు మాటిమాటికీ ఊడుతుంటే, స్క్రూ కొసపీచులోకి దిగిందేమో చూడాలి.

బెజ్జం చెడడానికి కారణాలు చాలా ఉన్నా, ఎక్కువ బెజ్జాలను చెడగొట్టేది అతిగా బిగించడమే. స్క్రూ తల బందు రేకుకు ఆనిన తరవాత స్క్రూ ఇక ముందుకు పోలేదు. ఇంకా తిప్పితే మర ఆ చెక్క గట్లను తల వైపుకు లాగుతుంది. మెత్తటి చెక్కలో అర చుట్టు చాలు, గట్లు మొదలంటా తెగుతాయి. చేతి స్క్రూడ్రైవర్‌తో బిగించేవారికి తల ఆనిన క్షణం మణికట్టుకు తెలుస్తుంది. బ్యాటరీ డ్రిల్లుకు అది తెలియదు. దానికి ముందుండే పట్టు సర్దుబాటు రింగును తక్కువ అంకెలో పెట్టి, చివరి రెండు చుట్లు చేత్తో తిప్పడం మంచి పద్ధతి.

రెండో కారణం తేమ. చెక్క వానాకాలంలో తేమ పీల్చి ఉబ్బుతుంది, ఎండాకాలంలో కుంచించుకుంటుంది. పీచు పొడవునా ఈ మార్పు లెక్కలోకి రానంత తక్కువ. అడ్డంగా మాత్రం, పచ్చి చెక్క పూర్తిగా ఆరే సరికి జాతిని బట్టి నూటికి మూడు నాలుగు వంతుల నుంచి పది దాకా తగ్గుతుంది. ఆరిన చెక్కలో కూడా ఈ ఉబ్బడం, తగ్గడం కొద్దికొద్దిగా ఏటా సాగుతూనే ఉంటుంది. మధ్యలో ఉన్న ఇనుము ఉబ్బదు, తగ్గదు. వానల్లో ఉబ్బిన పీచు మరకు ఒత్తుకుని నలుగుతుంది, వేసవిలో వెనక్కి తగ్గినప్పుడు నలిగిన మేర సందు మిగులుతుంది. సరిగా ఆరని చెక్కతో చేసిన తలుపులు మొదటి రెండేళ్ళలోనే కిందికి జారడం ఇందువల్లే.

తుప్పు మూడోది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి తీరపట్టణాల ఉప్పుగాలిలో ఇది త్వరగా మొదలవుతుంది. తుప్పు ఇనుముకంటే ఎక్కువ చోటు ఆక్రమించి పీచును నెడుతుంది. తడిలో కరిగిన ఇనుము చుట్టూ ఉన్న చెక్కను మెల్లగా గుల్ల చేస్తుంది. తుమ్మ వంటి టానిన్ ఎక్కువగా ఉన్న చెక్కల్లో స్క్రూ చుట్టూ కనిపించే నీలినలుపు మచ్చ దీని గుర్తే.

మరమ్మతుకు ముందు స్క్రూను బయటికి తీసి చూడాలి. మర సందుల్లో చెక్కపొడి గట్టిగా ఇరుక్కుని ఉంటే గట్లు తెగాయని అర్థం. మరే అరిగి మొద్దుబారితే స్క్రూ మార్చాలి. బెజ్జంలోకి దబ్బనం మొన గుచ్చి చూస్తే లోపలి చెక్క సంగతి తెలుస్తుంది. మొన ఆగితే చెక్క ఆరోగ్యంగా ఉంది. మెత్తగా లోపలికి దిగిపోయినా, మట్టి రంగు పొడి రాలినా చెదలో, కుళ్ళో పట్టినట్టు. అప్పుడు బెజ్జం పూడ్చి లాభం లేదు, చెడిన మేర చెక్కను కోసి కొత్త ముక్క అతికించాలి.

చాలామంది మొదట చేసే పని, అదే బెజ్జంలో ఇంకా లావు స్క్రూ దించడం. ఇది మొదటి మార్గం కాకూడదు. బందు రేకులోని గుంట ఒక కొలత స్క్రూ తలకే సరిపోతుంది. 6వ నంబరు స్క్రూ లావు సుమారు మూడున్నర మిల్లీమీటర్లు, 8వ నంబరుది నాలుగు పైచిలుకు, 10వ నంబరుది నాలుగు మిల్లీమీటర్ల ఎనిమిది పదోవంతులు. ఒక మెట్టు పైకి వెళ్ళినా తల గుంటలో ఇమడక పైకి తేలుతుంది, బందు పూర్తిగా మూసుకోదు, తలుపు వేసినప్పుడల్లా రెండు రేకుల మధ్య ఆ తల నలుగుతూ స్క్రూను బయటికి లాగుతుంది. పైగా పలక అంచు దగ్గర లావు స్క్రూ చీలిక తెస్తుంది. లావు అలాగే ఉంచి పొడవు పెంచడం మేలు. గోడలో పాతిన ద్వారబంధం మందంగా ఉంటుంది కనుక అక్కడ 75 మిల్లీమీటర్ల స్క్రూ పాత బెజ్జాన్ని దాటి కొత్త చెక్కను పట్టుకుంటుంది. తలుపు రెక్కలో స్క్రూ దిగేది అంచులోంచి కాబట్టి అక్కడా కొంత పొడవుకు చోటుంటుంది. కానీ అల్మరా పలకల్లో, వాయిద్యాల్లో ఆ వీలు ఉండదు.

తేలికపాటి పనులకు పుల్లల పద్ధతి చాలు. బెజ్జంలోని పొడిని ఊది, పాత మైనం, నూనె ఉంటే గీకి తీసేయాలి. నూనె ఉన్నచోట జిగురు అంటదు. మెత్తటి చెక్క పుల్లలను ఒక కొస సన్నగా చెక్కి, ఫెవికాల్ వంటి తెల్ల జిగురులో ముంచి, బెజ్జం గోడల వెంట ఒక్కొక్కటిగా నిలిపి, చివరి పుల్లను చిన్న సుత్తితో మెల్లగా తట్టి దించాలి. అగ్గిపుల్ల వాడితే మందు ఉన్న తలను ముందే విరిచేయాలి. కొబ్బరి ఈనెలు, చీపురు పుల్లలు పనికిరావు. వాటి పైపొర నున్నగా ఉండి జిగురును పీల్చుకోదు. వెదురు వాడితే పైపెచ్చు తీసి లోపలి భాగాన్నే వాడాలి. పైకి మిగిలిన కొసలను ఉలితో సమంగా కోసి, ఒక రాత్రీ పగలూ ఆరనివ్వాలి. తడి జిగురులోకే స్క్రూ దించడం బాగా వాడుకలో ఉన్న పొరపాటు. ఆరని పుల్లలు మర తోసిన వైపుకల్లా జరిగిపోతాయి. రంపపుపొట్టులో జిగురు కలిపి కూరడం మరొకటి. పైకి రాయిలా కనిపించినా పొట్టులో పొడవాటి పీచు ఉండదు కనుక బరువు పడగానే ముక్కలవుతుంది. అది పైమచ్చలు కప్పడానికి మంచిదే, స్క్రూను పట్టడానికి కాదు. కాగితం, గుడ్డపీలిక కూరడం గురించి చెప్పవలసిందేమీ లేదు.

బరువు మోసే బెజ్జానికి అసలైన చికిత్స చెక్క బిరడా. చెడిన బెజ్జాన్ని ఎనిమిది లేదా పది మిల్లీమీటర్ల బిట్‌తో శుభ్రంగా పెద్దది చేసి, అందులో కొత్త చెక్క బిరడాను జిగురుతో దించి, ఆరాక దాని మధ్యలో కొత్త బెజ్జం వేయడం ఇందులోని పని. చెప్పడానికి ఇంతే, మన్నిక మాత్రం బిరడాలోని పీచు ఎటు ఉందన్న దానిమీద నిలుస్తుంది.

దుకాణంలో దొరికే గుండ్రటి డోవెల్ కర్రలో పీచు కర్ర పొడవునా ఉంటుంది. దాన్ని బెజ్జంలో దించి స్క్రూ ఎక్కిస్తే, స్క్రూ పీచు వెంటే దిగుతుంది. ఎంత మంచి చెక్క వాడినా అది కొసపీచు పట్టే. డోవెల్ చుట్టూ జిగురు, పాత చెక్క గోడలు ఉన్నాయి కనుక చీలిపోదు, చిన్న గొళ్ళేనికీ, ఫొటో చట్రానికీ సరిపోతుంది. రోజుకు ఇరవైసార్లు తెరిచే తలుపు బందుకు మాత్రం అడ్డపీచు బిరడా కావాలి. పలక ముఖంలోంచి, పీచుకు అడ్డంగా కోసి తీసిన బిరడా ఇది. ప్లగ్ కట్టర్ అనే బిట్‌ను పలక మీద దించితే ఇలాంటి బిరడాలు వస్తాయి. కట్టర్ లేకపోతే పలక నుంచి చిన్న చదరపు ముక్క కోసి, ఉలితో మూలలు తీసి గుండ్రంగా చెక్కుకోవచ్చు. దించేటప్పుడు బిరడా తలపై కనిపించే పీచు గీతలు, చుట్టూ ఉన్న చెక్క గీతలతో ఒకే వరసలో ఉండేలా తిప్పి పెట్టాలి. అప్పుడు స్క్రూ మళ్ళీ అడ్డపీచునే పట్టుకుంటుంది. ఇంకో లాభం కూడా ఉంది. వానలకు బిరడా, పలక రెండూ ఒకే వైపుకు ఉబ్బి ఒకే వైపుకు తగ్గుతాయి, వాటి మధ్య జిగురు మీద లాగుడు ఉండదు. డోవెల్ అలా కాదు. అది అన్ని వైపులకూ ఉబ్బుతుంది, చుట్టూ ఉన్న పలక పీచు వెంట కదలదు, ఆ పేచీ ఏటేటా జిగురు మీదే పడుతుంది.

అడ్డపీచు బిరడాకు ఒక బలహీనత ఉంది. సుత్తితో గట్టిగా కొడితే అడ్డంగా విరుగుతుంది. అందుకే అది బెజ్జంలోకి వేలి ఒత్తిడితో దిగి, చివరి రెండు మిల్లీమీటర్లకు మాత్రమే చెక్కముక్క అడ్డుపెట్టి తట్టేంత బిగువుగా ఉండాలి. లోతు సరిపోకపోతే ఒకదానిపై ఒకటి రెండు బిరడాలు దించవచ్చు. చెక్క ఎంపికలో, పాత టేకు తలుపుకు పాత టేకు ముక్కే మంచిది. ఏళ్ళ తరబడి ఆరినది కనుక కొత్త చెక్కలా ఎక్కువగా కుంచించుకోదు. వడ్రంగి షెడ్డులో మూల పడి ఉన్న పాత ద్వారబంధం ముక్కల విలువ ఇక్కడ తెలుస్తుంది.

జిగురు ఆరాక స్క్రూకు ముందు బెజ్జం తప్పనిసరి. కొస మొనదేలిన చెక్క స్క్రూలు 1840ల నాటికి గానీ వాడుకలోకి రాలేదు. అంతకుముందు వాటి కొస మొద్దుగా ఉండేది, ముందు బెజ్జం వేయకుండా దించే వీలే లేదు. మొన ఉంది కదా అని ఇప్పుడు ముందు బెజ్జం మానేస్తే కొత్త బిరడా చీలుతుంది. గట్టి చెక్కలో ముందు బెజ్జం లావు, మరలు తీసేస్తే మిగిలే స్క్రూ కాడ లావులో నూటికి తొంభై వంతులు ఉండాలి. మెత్తటి చెక్కలో డెబ్బై. 8వ నంబరు స్క్రూకు టేకులో రెండున్నర, మూడు మిల్లీమీటర్ల మధ్య, మెత్తటి చెక్కలో రెండు మిల్లీమీటర్లు సరిపోతాయి. స్క్రూకు కాస్త మైనం రాస్తే సులువుగా దిగుతుంది, పట్టు చెప్పుకోదగ్గంత తగ్గదు. సబ్బు రాసే అలవాటు ఉంది కానీ అది తేమను లాగి తుప్పు తెస్తుంది. ఇత్తడి స్క్రూ మెత్తనిది, గట్టి చెక్కలో తిప్పితే మెడ దగ్గర తెగుతుంది. అదే కొలత ఉక్కు స్క్రూను ముందు ఒకసారి దించి, తీసి, ఆ గాడిలోకి ఇత్తడిది ఎక్కించాలి.

తలుపు బందుల దగ్గర పని వరస ముఖ్యం. తలుపు తన బరువుతో పై బందును ద్వారబంధం నుంచి బయటికి లాగుతుంది, కింది బందును లోపలికి నొక్కుతుంది. అందుకే పై బందు స్క్రూలే ముందు వదులవుతాయి. కింద గడపకు రాసుకుంటున్న తలుపును చూసి చాలామంది అడుగు అంచును చిత్రిక పట్టిస్తారు. లోపం పైనుంటే కింద చెక్క పోగొట్టుకోవడం అది. తలుపును బారుగా తెరిచి, కింద చెక్క చీలిక దూర్చి బరువును నిలబెట్టి, ముందు పై బందు తీసి దాని బెజ్జాలన్నీ పూడ్చాలి. ఒక్కో బందు పూర్తయ్యాకే తరవాతది విప్పాలి.

వాయిద్యాల దగ్గర లెక్క వేరు. అక్కడ బరువు తక్కువ, చోటు ఇరుకు, చెక్క పలచన, ఒక్క చుక్క జిగురు తప్పుగా పడితే స్వరం పోతుంది. హార్మోనియం ఇందుకు మంచి ఉదాహరణ. 1875 ప్రాంతంలో కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ చేతుల్లో రూపుదిద్దుకున్నదిగా చెప్పే ఈ చేతిపెట్టెను ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా తన స్టూడియోల్లోకి రానివ్వలేదు. తెలుగు పద్యనాటకం మాత్రం దాన్ని వదల్లేదు. నాటక సమాజాలతో ఊరూరా తిరిగిన ఆ పెట్టెల్లో కుదుపులకు ముందు వదులయ్యేవి స్క్రూలే.

హార్మోనియంలో ఒక్కో స్వరానికి కనీసం ఒక ఇత్తడి రీడు ఉంటుంది. ఆ రీడు రేకును రెండు కొసలా చిన్న స్క్రూలతో రీడు పలకకు బిగిస్తారు. ఒక స్క్రూ పట్టు వదిలినా రేకు కింద గాలి కారుతుంది. స్వరం ఆలస్యంగా పలుకుతుంది, పలచబడుతుంది, లేదా గరగరమంటుంది. శ్రుతి చెడిందని రీడును గీకడానికి ముందు స్క్రూ బిగువు చూడాలి. గీకిన ఇత్తడి తిరిగి రాదు. రీడు పలకలో బెజ్జం గాలి పోయే గాడికి అతి దగ్గరగా ఉంటుంది కనుక అక్కడ డ్రిల్లు పెట్టి పెద్దది చేయకూడదు, గోడ పగిలి గాడిలోకి తెరుచుకుంటుంది. పుల్లల పద్ధతే సరైనది, అదీ ఒకే ఒక సన్నటి చీలికతో. రీడును తీసి, అది ఏ వైపు ఉందో పెన్సిలుతో గుర్తు పెట్టుకుని, నాలుక లాంటి పలచని భాగాన్ని వేలితో తాకకుండా పక్కన పెట్టాలి. సూది మొనతో రవ్వంత జిగురు వేసి, చీలిక దించి, సమంగా కోసి, పూర్తిగా ఆరాకే రీడు తిరిగి బిగించాలి. రెండు స్క్రూలనూ ఒకటి మార్చి ఒకటి కొద్దికొద్దిగా తిప్పాలి. ఒకదాన్నే ముందు బిగిస్తే రేకు వంకరవుతుంది. తిత్తి బందుల సంగతి ఇంటి తలుపు బందుల్లాంటిదే. అవి నిరంతరం కదులుతాయి కనుక వాటికి బిరడాయే మేలు.

గిటారులో తరచూ చెడేవి రెండు చోట్లు. తీగలు బిగించే మరచెవుల వెనక ఉండే బుల్లి స్క్రూలు ఆ చెవి పక్కకు తిరగకుండా ఆపడానికే ఉంటాయి. చాలా గిటార్లలో తీగ లాగుడు ముందు వైపున్న నట్టు మోస్తుంది. తీగ వదులు చేసి, బెజ్జంలో ఒక పళ్ళపుల్ల ముక్క జిగురుతో దించితే సరిపోతుంది. భుజానికి తగిలించే పట్టీ బొత్తాం అలా కాదు. మూడు నాలుగు కిలోల ఎలక్ట్రిక్ గిటారు నిలబడి వాయించేవారి భుజం నుంచి దాని మీదే వేలాడుతుంది. అది ఊడితే వాయిద్యం నేలమీద పడుతుంది. అక్కడ పుల్లలతో సరిపెట్టకుండా గట్టి చెక్క బిరడా వేయడం మంచిది.

బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనసమాను నుంచి తొలిచే వీణలో శ్రుతి బిరడాలకు మరలే ఉండవు. ఏటవాలుగా సన్నబడే బిరడా, బెజ్జం గోడల రాపిడితోనే నిలుస్తుంది. వయొలిన్‌లోనూ అంతే. దాని బిరడా ప్రతి 30 మిల్లీమీటర్లకు 1 మిల్లీమీటరు చొప్పున సన్నబడుతుంది. ఏళ్ళు గడిచి బెజ్జం కోలగా అరిగితే, ఇంకా లావు బిరడా పెడుతూ పోవడం బిరడాలపెట్టె గోడను బలహీనం చేస్తుంది. బెజ్జాన్ని గుండ్రంగా సరిచేసి, చెక్క తొడుగు అతికించి, దానిలో కొత్త ఏటవాలు బెజ్జం తొలవడం నిపుణుల పని. పాత వాయిద్యాలకు వారు జంతుచర్మం నుంచి తీసిన జిగురునే ఇష్టపడతారు. వేడి, తడి తగిలితే అది వదులుతుంది, తరవాతి తరం వారికి విప్పుకునే దారి మిగులుతుంది. తెల్ల జిగురు అంత సులువుగా వదలదు, ఆరిన తెల్ల జిగురు మీద కొత్తది సరిగా అంటదు కూడా. విలువైన వాయిద్యంలో దాన్ని వాడేముందు ఆలోచించాలి.

వంటింటి అల్మరాల పార్టికల్ బోర్డుది ప్రత్యేక సమస్య. చెక్క పొట్టును జిగురుతో అదిమి చేసిన ఆ పలకలో పొడవాటి పీచు ఉండదు, అంచుల్లో పట్టు మరీ తక్కువ, సింకు పక్కన తడి తగిలితే ఉబ్బి పొరలు విడుతుంది. పుల్లలు, తెల్ల జిగురు ఇక్కడ నిలవవు. ఉబ్బిన భాగాన్ని గీకి, అరాల్డైట్ వంటి రెండు గొట్టాల జిగురుతో డోవెల్ దించాలి. ఆ జిగురు ఆరేటప్పుడు కుంచించుకోదు కనుక సందులను నింపుతుంది. పట్టుకోవడానికి మంచి చెక్క అసలే లేనప్పుడు, స్క్రూకు మైనం పట్టించి, బెజ్జం నిండా ఆ జిగురే పోసి అందులో నిలబెడతారు. గట్టిపడ్డాక స్క్రూ తిప్పి తీస్తే జిగురులోనే మర గాడి మిగులుతుంది. పలక అంచంతా పిండి అయిన చోట బందును రెండు అంగుళాలు పైకో కిందికో జరిపి, చెడని చోట కొత్త బెజ్జాలు వేయడమే మిగిలిన దారి.

బాగుచేసిన బెజ్జంలోంచి స్క్రూను మళ్ళీ ఎప్పుడైనా తీయవలసి వస్తే, తిరిగి పెట్టేటప్పుడు దాన్ని నేరుగా లోపలికి తిప్పకూడదు. బెజ్జంలో నిలిపి, ముందు వెనక్కి, అంటే విప్పే వైపుకు తిప్పాలి. ఒక చుట్టు లోపలే మర పాత గాడి మొదలులోకి టక్కున జారుతుంది, వేళ్ళకు తెలుస్తుంది. అక్కడి నుంచి బిగించే వైపు తిప్పితే పాత గాడిలోనే నడుస్తుంది. నేరుగా తిప్పితే పాత గాడికి అడ్డంగా కొత్త గాడి కోస్తుంది, రెండు మూడుసార్లకే గట్లు తెగుతాయి.